చెన్నై ప్యూజోనా, చిత్తూరు రాలీనా?

ప్రశ్న: నమస్తే అన్నా. మాది తిరుపతి. వయసు 27, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఇప్పుడున్న గేర్ల సైకిల్ మీద పొద్దున్నే చంద్రగిరి దాకా వెళ్లొస్తుంటాను, సెలవొస్తే భాకరాపేట ఘాట్ కూడా ఎక్కుతాను. పాతకాలం స్టీల్ రోడ్ సైకిల్ ఒకటి కొనాలని ఎప్పటినుంచో కోరిక. ఇప్పుడు రెండు కనబడ్డాయి. ఒకటి చెన్నై తిరువాన్మియూర్‌లో ప్యూజో. 1970ల నాటిదట, తెల్ల రంగు, పది గేర్లు, పెయింట్ మెరిసిపోతోంది, ఫ్రేమ్ సైజు 58, ధర 22 వేలు చెప్తున్నారు. రెండోది చిత్తూరులో రాలీ. ఇంగ్లండులో పనిచేసి వచ్చిన ఒక రిటైర్డ్ డాక్టరు గారిది. ఫ్రేమ్ సైజు 54, సీటు గొట్టం మీద 531 అని స్టిక్కర్ ఉంది. కానీ రంగు వెలిసిపోయింది, అక్కడక్కడా తుప్పు, సీటు చిరిగింది, టైర్లు బీటలు వారాయి. 12 వేలు అంటున్నారు. నిజం చెప్పాలంటే నా మనసు ప్యూజో మీదే ఉంది. మా మెకానిక్ మాత్రం రెండూ వద్దు, స్పేర్లు దొరకవు అంటున్నాడు. ఏది తీసుకోమంటావు? రాలీ తీసుకుంటే కొత్తగా పెయింట్ కొట్టించవచ్చా?

సమాధానం:

తమ్ముడూ, ప్యూజో సంగతి మర్చిపో. మిగతా కారణాలు తర్వాత చెప్తాను గానీ, ముందు ఆ 58 అన్న అంకె ఒక్కటే చాలు. నీ ఎత్తుకి అది బాగా పెద్దది. పాత రోడ్ సైకిళ్లకు ఫ్రేమ్ సైజు అంటే పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పై అంచు దాకా ఉండే కొలత. వాటి పై కడ్డీ నేలకు సమాంతరంగా ఉంటుంది కాబట్టి ఫ్రేమ్ పెరిగేకొద్దీ కడ్డీ కూడా పైకి వచ్చేస్తుంది. 58 ఫ్రేమ్ మీద నువ్వు రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడలేవు, అలిపిరి దగ్గర ఏ ఆటోనో అడ్డమొచ్చి గబుక్కున దిగాల్సి వస్తే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. సీటు కిందికి దించుకుంటే సరిపోతుందని అమ్మేవాళ్లు అంటారు. సీటు దిగుతుంది నిజమే, కానీ కడ్డీ పొడవు ఎలా తగ్గుతుంది? 58 ఫ్రేమ్‌కి పై కడ్డీ కూడా మూడు నాలుగు సెంటీమీటర్లు పొడవు ఎక్కువ ఉంటుంది, దాంతో నువ్వు హ్యాండిల్ అందుకోవడానికి ముందుకు సాగిపోయి తొక్కాలి, చంద్రగిరి చేరేలోపే మెడ పట్టేస్తుంది, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే స్టెమ్ పొట్టిది వేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా కాదు.

అలాగని 54 నీకు కచ్చితంగా సరిపోతుందని కూడా నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఎత్తు ఒకటే అయినా కొందరికి కాళ్లు పొడవు, కొందరికి నడుము పొడవు. రాలీ దగ్గరికి వెళ్లినప్పుడు నువ్వు తొక్కేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకుని వెళ్లు, కడ్డీకి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడు. కడ్డీకీ నీకూ మధ్య రెండు సెంటీమీటర్ల ఖాళీ అయినా ఉందంటే సైజు సరిపోయినట్టే. సీటు నీకు కావలసిన ఎత్తుకు పెట్టినప్పుడు ఫ్రేమ్ పైన సీటు కడ్డీ ఒక పిడికిలి అంత బయటికి కనబడాలి. పాతకాలం వాళ్లు ఇలాగే చూసేవాళ్లు, ఇప్పటికీ ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు.

ఇక పేరు సంగతి. ప్యూజో మీద మనసు పడటంలో నీ తప్పేమీ లేదు. ఫ్రెంచి రేసర్ బెర్నార్ తెవెనే 1975లో, 1977లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచింది ప్యూజో జట్టులోనే. ఆ తెల్ల సైకిల్ ఫోటో చూసిన ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ పేరుతో అమ్మినవన్నీ తెవెనే తొక్కిన రకం కాదు. పైరకం పీఎక్స్-10 లాంటివాటికి రేనాల్డ్స్ 531 గొట్టాలు వాడారు. బడికీ ఆఫీసుకీ వెళ్లేవాళ్ల కోసం చేసిన కింది రకాలకు మామూలు స్టీలే. పేరు ఒకటే, స్టిక్కర్లు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి, తూకంలో, తొక్కేటప్పుడు మాత్రం తేడా తెలిసిపోతుంది. నువ్వు రాసినదాంట్లో ఆ ప్యూజో ఏ గొట్టంతో చేసిందో ఒక్క ముక్క లేదు, అమ్మేవాళ్లు మెరుపు గురించి తప్ప ఇంకేమీ చెప్పలేదు. 22 వేలు అడిగేవాళ్లు ఆ ఒక్క విషయం చెప్పకపోతే ఎలా?

రాలీ మీద ఉన్న ఆ 531 చిన్న విషయం కాదు. బర్మింగ్‌హామ్‌లో రేనాల్డ్స్ వాళ్లు 1935లో తెచ్చిన మాంగనీస్-మాలిబ్డినమ్ స్టీల్ అది. గొట్టం రెండు చివర్లా, అతుకు పడే చోట మందంగా, మధ్యలో పల్చగా ఉండేలా లాగుతారు, అందుకే బరువు తక్కువ, తొక్కుతుంటే రోడ్డు అదురు అంతగా తెలియదు. ఇంకో సంగతి, నీకు నచ్చుతుందని చెప్తున్నాను. రేనాల్డ్స్ గొట్టాల కంపెనీ, రాలీ రెండూ ఒకప్పుడు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే బ్రిటిష్ సంస్థ చేతిలోనే ఉండేవి, 1949లో మురుగప్ప వ్యాపార సంస్థ వాళ్లతో కలిసి మన పక్కనే చెన్నై అంబత్తూరులో సైకిల్ ఫ్యాక్టరీ పెట్టిందీ ఆ సంస్థే. టీఐ సైకిల్స్‌లోని టీఐ అదే. మన తాతల హెర్క్యులస్, ఆ డాక్టరు గారి రాలీ ఒక విధంగా దాయాదులన్నమాట.

అయితే స్టిక్కర్ చూసి పొంగిపోకు, చదువు. 531 స్టిక్కర్లలో చాలా రకాలున్నాయి. కొన్నిటి మీద గొట్టాలు, ఫోర్కు, వెనక కడ్డీలు అన్నీ 531 అని రాసి ఉంటుంది, కొన్నిటి మీద ముఖ్యమైన మూడు గొట్టాలు మాత్రమే అని ఉంటుంది. మొదటిది ఉత్తమం, రెండోది కూడా మంచిదే, కానీ ధర రెండిటికీ ఒకటే పెట్టకూడదు. స్టిక్కర్లు విడిగా అచ్చు వేసి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఇంకో సాక్ష్యం కావాలి. అది సీటు కడ్డీ మీద ఉంటుంది. కడ్డీ పైకి లాగి చూస్తే కింది భాగంలో ఒక అంకె కొట్టి ఉంటుంది. 27.2 అని ఉంటే సీటు గొట్టం పల్చనిది, స్టిక్కర్ నిజమే చెప్తోందని నమ్మొచ్చు. 26, 25 చిల్లర అని ఉంటే గొట్టం మందంగా ఉందని అర్థం, మామూలు స్టీల్ అయ్యే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు మీ మెకానిక్ మాట. స్పేర్లు దొరకవు అన్నది సగం నిజం, ఆ సగం ప్యూజోకే ఎక్కువ వర్తిస్తుంది. 1970ల నాటి ఫ్రెంచి సైకిళ్లకు మరలు వేరే. పెడల్ ఇరుసు కప్పుల మర మిగతావాళ్లు ఎక్కువగా అంగుళాల లెక్కలో చేస్తుంటే వాళ్లు మిల్లీమీటర్ల లెక్కలో చేశారు, పైగా రెండు వైపులా కుడి మరే ఉంటుంది, అందువల్ల చైను వైపు కప్పు తొక్కేకొద్దీ వదులయ్యే గుణం ఉంది. ఇంగ్లీషు పద్ధతిలో ఆ వైపు ఎడమ మర పెట్టింది అందుకే. హ్యాండిల్ స్టెమ్ మామూలుగా 22.2 మిల్లీమీటర్లు ఉంటే ఫ్రెంచిది 22.0. ఆ కాస్త తేడాకే మన దగ్గర దొరికే స్టెమ్ అందులో దిగదు, సుత్తితో దించితే గొట్టం పగులుతుంది. పెడల్ మర కూడా వేరే, చూడటానికి ఒకేలా ఉంటుంది, రెండు చుట్లు ఎక్కాక బిగుసుకుంటుంది, అక్కడ పానా మీద బలం పెట్టారంటే పెడల్ బిగించే క్రాంకు కడ్డీ మర పోయినట్టే. ఆ కాలం ప్యూజోలు చాలావాటికి వచ్చిన సింప్లెక్స్ డిరైలర్లు, అంటే చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపేవి, చాలావరకు ప్లాస్టిక్‌వి, ఎండకు, వయసుకు పగులుతాయి. పారిస్‌లో ఉండేవాడికి ఇవేవీ లెక్క కాదు. తిరుపతిలో ఉండే నీకు ఒక్క కప్పు అరిగిందంటే సైకిల్ నెలల తరబడి మూల పడి ఉంటుంది. సైజు సరిపోయి ఉంటే కూడా నేను నీకు అదే చెప్పేవాణ్ణి, కాకపోతే ఇంకాస్త ఆలోచించి.

రాలీకి కూడా ఒక మెలిక ఉంది, దాచిపెట్టను. ఇంగ్లీషు సైకిళ్ల పెడల్ కప్పులకు మామూలుగా అంగుళానికి 24 మర చుట్లు. నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీలో రాలీ వాళ్లు పెద్ద ఎత్తున చేసిన సైకిళ్లలో చాలావాటికి వాళ్ల సొంత లెక్క, అంగుళానికి 26. అదే రాలీ వాళ్లు 1960లో కొన్న కార్ల్‌టన్ కంపెనీ వర్క్‌సాప్ ఫ్యాక్టరీలో చేసిన పైరకాలకు మామూలు 24 మరే. విప్పకుండా అంచనా వేయాలంటే పెడల్ ఇరుసు తిరిగే గూడు వెడల్పు టేపుతో కొలువు. 68 మిల్లీమీటర్లు వస్తే మామూలుదే అనుకోవచ్చు, 71 గానీ 76 గానీ వస్తే రాలీ సొంత మర. సొంత మర అయినంత మాత్రాన వదిలేయకు. కప్పులు, ఇరుసు బాగున్నంతకాలం మర ఏదైనా నీకు సంబంధం లేదు, బాల్స్ మార్చి గ్రీజు పెడితే ఏళ్లు నడుస్తుంది, ఆ బాల్స్ మన ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి, చాలా చవక. కప్పులో గుంటలు పడి ఉంటేనే చిక్కు.

మిగతావన్నీ దొరికేవే. చైను, బ్రేక్ వైర్లు, బ్రేక్ రబ్బర్లు, మర ఫ్రీవీల్, అన్నీ. మన దగ్గర తక్కువ ధరలో వచ్చే గేర్ల సైకిళ్లకు ఇప్పటికీ మరతో ఎక్కే ఫ్రీవీలే వాడుతున్నారు, ఇంగ్లీషు హబ్బుకి అది ఎక్కుతుంది. పాత గేర్ లివర్లు కింది గొట్టం మీద ఉంటాయి, టిక్కుమని ఆగవు, రాపిడి మీద నిలబడతాయి, కాబట్టి ఐదు పళ్లచక్రాలున్నా ఏడున్నా వాటికి పట్టింపు లేదు, చేతికి అలవాటు కావాలంతే. ఒక్కటి చూసుకో: వెనక ఫోర్కులో చక్రం ఇరుసు బిగించే రెండు చెవుల మధ్య దూరం 120 మిల్లీమీటర్లు ఉంటే ఐదు చక్రాలు, 126 ఉంటే ఆరు గానీ ఏడు గానీ పడతాయి. భాకరాపేట ఎక్కుతానన్నావు కాబట్టి చెప్తున్నాను, ఆ కాలం రేసింగ్ గేర్లు బరువుగా ఉంటాయి, ముందు 52, 42 పళ్లు, వెనక పెద్దది 24 ఉందంటే ఘాట్‌లో నిలబడి తొక్కాల్సిందే. వెనక 28 పళ్లున్న ఫ్రీవీల్ వేయించుకుంటే మోకాళ్లు బతుకుతాయి. అయితే వేసేముందు ఆ డిరైలర్ 28 దాకా అందుకుంటుందో లేదో చూడమని మెకానిక్‌కి చెప్పు.

టైర్ల దగ్గరే చాలామంది మోసపోతారు. ఎవరూ మోసం చేయకపోయినా మోసపోతారు. ఆ కాలం ఇంగ్లీషు రోడ్ సైకిళ్లలో చాలావాటికి 27 అంగుళాల చక్రం. ఇప్పటి హైబ్రిడ్, రోడ్ సైకిళ్లకు 700సీ. మన పాల సైకిళ్లకు 28 ఒకటిన్నర. షాపులో అడిగితే 27కి దగ్గరది 28 కదా అంటారు, లేదా 700సీ కూడా 28 అనే రాసి ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అంటారు. మూడూ మూడు వేర్వేరు కొలతలు. రిమ్ మీద టైరు అంచు కూర్చునే చోట 27కి 630 మిల్లీమీటర్లు, 700సీకి 622, పాల సైకిల్‌కి 635. టైరు పక్క గోడ మీద 32-630 అన్నట్టుగా అంకెలుంటాయి, గీత తర్వాత ఉన్నదే అసలు సైజు, అది చూసి కొను, మాట విని కొనకు. 622 టైరు 630 రిమ్‌కి ఎక్కదు, 635 ఎక్కుతుంది గానీ వదులుగా ఉండి దిగుడులో ఊడుతుంది. 27 టైర్లు మన ఊళ్లో షాపులో వేలాడుతూ కనబడవు, తెప్పించుకోవాలి. ఇంకో దారి చక్రాలే 700సీకి మార్చేయడం. తేడా వ్యాసార్థంలో 4 మిల్లీమీటర్లే కాబట్టి పాత బ్రేకుల్లో రబ్బరు కాస్త కిందికి జరిపితే చాలావరకు సరిపోతుంది. టైర్ల టెన్షన్ శాశ్వతంగా పోతుంది. కానీ కొన్న వెంటనే ఆ ఖర్చు పెట్టకు, పాత చక్రాలు బాగుంటే వాటితోనే కొన్నాళ్లు తొక్కు.

చిత్తూరు వెళ్లేటప్పుడు ఒక టార్చి, ఒక అయస్కాంతం, మూడు నాలుగు మీటర్ల గట్టి దారం, టేపు పట్టుకెళ్లు. పగటిపూట వెళ్లు. డాక్టరు గారికి ముందే ఫోన్ చేసి, సార్, సీటు ఒకసారి విప్పి చూస్తాను, మళ్లీ ఎక్కడున్నది అక్కడే పెడతాను అని అనుమతి తీసుకో. పెద్దవాళ్లు ఇష్టంగా దాచుకున్న వస్తువు అది, వెళ్లీ వెళ్లగానే పానా తీస్తే బాధపడతారు.

మొదట చూడాల్సింది సీటు కడ్డీ కదులుతుందా లేదా అన్నది. అల్యూమినియం కడ్డీ స్టీల్ గొట్టంలో ఏళ్ల తరబడి గ్రీజు లేకుండా ఉంటే రెండూ కలిసి పట్టేస్తాయి, అంచు దగ్గర తెల్లటి పొడిలా కనబడుతుంది. కడ్డీ ఎక్కడిదాకా దిగి ఉందో ఒక టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకో, బోల్టు వదులు చేసి సీటు పట్టుకుని అటూ ఇటూ తిప్పు. తిరిగితే సగం గెలిచినట్టే. కదలకపోతే హ్యాండిల్ స్టెమ్ కూడా అలాగే పట్టేసి ఉండొచ్చు, అదీ చూడు. స్టెమ్ పైనున్న బోల్టు మూడు నాలుగు చుట్లు వదులు చేసి, బోల్టు తల మీద చెక్క పెట్టి మెల్లగా ఒక దెబ్బ వేస్తే లోపలి బిగింపు వదిలి స్టెమ్ తిరగాలి. రెండూ పట్టేసి ఉంటే ఆ సైకిల్ నీ కొలతకు ఎప్పటికీ రాదు, ధర ఎంత తగ్గించినా దండం పెట్టి వచ్చేయ్. ఒకటే పట్టేసి ఉంటే ధర సగానికి పడాలి.

తర్వాత ఫ్రేమ్. ఏ పాత సైకిలైనా దేనికైనా ముందు నుంచి గుద్దుకుని ఉంటే ఆ గుర్తు ఒక చోట మిగిలిపోతుంది, హ్యాండిల్ కింద నిలువు గొట్టం ఉంటుంది చూడు, దానికి వెనక ఒకటి రెండు అంగుళాల దూరంలో, పై కడ్డీ, కింది గొట్టం అడుగు భాగాన. కంటికి కనబడకపోవచ్చు. కళ్లు మూసుకుని బొటనవేలు అక్కడ మెల్లగా జరుపు. చిన్న అలలా ఎత్తు తగిలిందంటే గొట్టం లోపలికి ముడుచుకుందని అర్థం. ఆ చోట రంగు అడ్డంగా సన్నగా చిట్లి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. అలాంటి ఫ్రేమ్‌ను ఉచితంగా ఇచ్చినా వద్దు, ఎందుకంటే ఘాట్ దిగుతుండగా విరిగేది అక్కడే. వెల్డింగ్ చేయించుకుంటే అని ఎవరైనా సలహా ఇస్తే వినకు, 531 గొట్టం మధ్యలో అర మిల్లీమీటరుకు కాస్త పైన ఉంటుంది అంతే, ఇత్తడితోనో వెండితోనో తక్కువ వేడి మీద అతికించడానికి చేసిన స్టీల్ అది, గేట్లు చేసేచోట వెల్డింగ్ పెడితే కాలిపోతుంది.

ఫ్రేమ్ తిన్నగా ఉందో లేదో దారం చెప్తుంది. వెనక చక్రం ఇరుసు బిగించే చెవి దగ్గర దారం ఒక కొస కట్టు, అక్కడి నుంచి ముందుకు తెచ్చి హ్యాండిల్ కింది నిలువు గొట్టాన్ని చుట్టి, రెండో వైపు నుంచి వెనక్కి తీసుకెళ్లి రెండో చెవికి బిగించి కట్టు. ఇప్పుడు సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం ఎడమవైపు ఎంత, కుడివైపు ఎంత కొలువు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటే పర్వాలేదు. నాలుగైదు ఉందంటే వెనక భాగం ఒక పక్కకి వంగింది. స్టీల్ కాబట్టి తెలిసినవాడు వంచి సరిచేయగలడు, కానీ అలాంటివాడు మనకు దగ్గర్లో ఉండాలి కదా.

తుప్పు గురించి నువ్వు ఎక్కువ భయపడుతున్నావు, అది కూడా వద్దనుకోవాల్సిన సైకిల్‌లో కాకుండా కావాలనుకోవాల్సిన సైకిల్‌లో. పైపైన ఎర్రటి చుక్కలుంటే సన్నటి స్టీల్ ఉన్ని, కాస్త నూనె వేసి రుద్దితే పోతుంది. రంగు కింద బుడగలా ఉబ్బి, గోరుతో గీకితే పెచ్చుగా ఊడితే అది లోపలి నుంచి వచ్చిన తుప్పు. సీటు కడ్డీ తీశాక టార్చి వేసి గొట్టం లోపలికి చూడు, పెడల్ గూడు అడుగున చూడు, నీరు చేరి నిలిచేది అక్కడే. చిత్తూరులో ఇంట్లో నీడన ఉన్న సైకిల్‌కి, తిరువాన్మియూర్‌లో సముద్రపు గాలి తిన్న సైకిల్‌కి చాలా తేడా ఉంటుంది. ఉప్పు గాలి గొట్టాల లోపలికి చేరుతుంది, బయట కొత్త పెయింట్ కొట్టిస్తే ఏమీ కనబడదు. ఆ ప్యూజో యాభై ఏళ్ల వయసులో మెరిసిపోతోందంటే నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువ వస్తోంది. ఎక్కడైనా పెయింట్ కింద పుట్టీ పెట్టారేమో అని అయస్కాంతం గొట్టం పొడవునా జరిపితే తెలుస్తుంది, పుట్టీ ఉన్నచోట పట్టు తగ్గుతుంది.

అయస్కాంతం అసలు ఉపయోగం మాత్రం రిమ్ దగ్గర. రిమ్‌కి అంటుకుంటే స్టీల్, అంటుకోకపోతే అల్యూమినియం. క్రోమ్ పూసిన స్టీల్ రిమ్ చూడటానికి అద్దంలా ఉంటుంది, ఎండలో ఫర్వాలేదు, వాన పడి తడిస్తే బ్రేక్ పట్టదు. ఉన్న మాటే చెప్తున్నాను, బ్రేక్ నొక్కుతావు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అప్పుడే నువ్వు భాకరాపేట నుంచో మొగిలి ఘాట్ నుంచో దిగుతుంటావు, వెనక లారీ, ముందు మలుపు. రిమ్‌లు స్టీల్ అని తేలితే అప్పుడు మాత్రం పైన చెప్పిన 700సీ అల్యూమినియం చక్రాల ఖర్చు మొదటి రోజే లెక్క వేసుకో, ఆ మేరకు ధర తగ్గించమను. ఈ ఒక్క విషయంలో తర్వాత చూద్దాంలే అనుకోకు, ప్లీజ్.

ఇంకా రెండు నిమిషాల పనులు కొన్ని. ముందు చక్రం గాల్లోకి ఎత్తి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పు, సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు టక్కుమని ఆగినట్టు అనిపిస్తే ఫోర్కు కప్పుల్లో గుంటలు పడ్డాయి. పెడల్ క్రాంకు పట్టుకుని పక్కకు ఊపు, చైను తీసి ఖాళీగా తిప్పు, గరగరలాడితే బాల్స్ మార్చాలి. అల్యూమినియం క్రాంకు అయితే చైన్‌వీల్‌ని పట్టుకునే కొమ్ములు కలిసే మూలలో, స్టెమ్ హ్యాండిల్‌ని పట్టుకునే చోట వెంట్రుక లాంటి చీలిక ఉందేమో తుడిచి చూడు. చైన్‌వీల్ పళ్లు ఒక వైపుకు కొక్కేల్లా వంగి మొన తేలి ఉంటే అరిగిపోయినట్టు. ఫ్రేమ్ నంబరు రాసుకో, కొన్నాక డాక్టరు గారి దగ్గర ఒక కాగితం మీద రాయించుకో.

ధర విషయానికొస్తే, ఫ్రేమ్ తిన్నగా ఉండి, సీటు కడ్డీ కదిలి, రిమ్‌లు అల్యూమినియంవి అయితే ఆ రాలీకి 12 వేలు అన్యాయం కాదు. అయినా టైర్లు, ట్యూబులు, వైర్లు, బ్రేక్ రబ్బర్లు, చైను, సీటు, బాల్స్ మార్చే కూలీ కలిపితే నా అంచనాలో ఇంకో ఐదారు వేలు పడుతుంది కాబట్టి ఆ లెక్క ఆయన ముందు పెట్టి 10 వేలకు అడుగు. వస్తువును పాడు చేయకుండా తొక్కుతానని చెప్పు, నిజంగానే తొక్కు. ఇలాంటివాళ్లు చాలాసార్లు డబ్బు కంటే అదే చూస్తారు. రిమ్‌లు స్టీల్ అయితే 7 వేలు దాటకు. వెళ్లి చూశాక రాలీ కూడా కుదరకపోతే తొందరపడి ప్యూజో వైపు తిరగకు, ఆగు. 1980ల నాటి జపాన్ సైకిళ్లు, మియాటా, ఫూజీ, నిషికి లాంటివి ఎప్పుడైనా ఎదురుపడితే వాటిని మాత్రం వదలకు, పనితనం గొప్పగా ఉంటుంది, మరలు మనకు దొరికే వాటితో కలుస్తాయి, చాలావాటికి అల్యూమినియం రిమ్‌లే వస్తాయి.

పెయింట్ కొట్టించకు. స్టిక్కర్లతో సహా ఆ పాత రంగే దానికి గుర్తింపు, అది పోయాక 531 అని నువ్వు నోటితో చెప్పాలి. పౌడర్ కోటింగ్ వాళ్లు ముందు ఇసుక కొట్టి రంగు తీస్తారు, అంత పల్చటి గొట్టం మీద తెలియనివాడు ఇసుక కొడితే గొట్టమే అరుగుతుంది, మరల్లోకి పౌడర్ చేరి మళ్లీ కప్పులు ఎక్కవు. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, తుప్పు చుక్కలు తీసి, రంగు పోయిన చోట మాత్రం చిన్న బ్రష్‌తో ప్రైమర్, దానిపైన దగ్గరి రంగు టచప్ చెయ్యి. సీటు కడ్డీ తీసినప్పుడే గొట్టం లోపల కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి ఫ్రేమ్‌ని అన్ని వైపులా వంచి తిప్పితే లోపలంతా పూతలా పడుతుంది. కడ్డీకి గ్రీజు రాసి తిరిగి పెట్టు.

కొన్న రోజే ఉత్సాహం కొద్దీ చిత్తూరు నుంచి తొక్కుకుంటూ రాకు. 70 కిలోమీటర్లు, హైవే, బీటలు వారిన టైర్లు, గట్టిపడిన బ్రేక్ రబ్బర్లు. చిన్న ట్రాలీ ఆటోలోనో, తెలిసినవాళ్ల కారులో చక్రాలు విప్పి పెట్టుకునో తీసుకురా, నేరుగా మీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి ఇరుసులన్నీ విప్పించి గ్రీజు పెట్టించు. అతను స్పేర్లు దొరకవని గొణుగుతాడు, ఆ పెడల్ గూడు విప్పేటప్పుడు చైను వైపు ఎడమ మర అని మాత్రం ముందే గుర్తు చెయ్యి.

చూసి వచ్చాక సీటు కడ్డీ మీది అంకె, పెడల్ గూడు వెడల్పు, వెనక చెవుల మధ్య దూరం, టైరు మీద గీత తర్వాతి అంకె, ఈ నాలుగూ రాసి పంపు. ఏ ఫ్రీవీల్, ఏ టైర్లు తెప్పించుకోవాలో అప్పుడు చెప్తాను.